సోహార్ తాబేళ్ళు

క్లబ్బు గదిల ఏసీ సల్లగైతలేదంటె
గ్యాసు నింపనీకి పోయిన.
నిచ్చెన దిగేసరికి నా ఒంటి మీద పచ్చ చారల జెర్సీ.
పదిహేను మందిల ఒకడు తక్కువున్నడట.
గారెత్ సాబు నా భుజాలు జూసిండు,
పేరు తర్వాత అడిగిండు.
లింబాద్రి అంటె నాలుక తిరుగక
లింబో అని రాస్కున్నడు.

అది బంతి గాదు,
రెండు దిక్కుల నుల్మిన సొరకాయ.
కింద పడ్డదంటె ఎటెగురుతదో
దానికే ఎర్క లేదు,
మా మేనేజరు సెలవిస్తనన్న మాట లెక్క.

ముందుకు ఉరుకాలెనట,
బంతి మాత్రం ఎనుకకే ఇసరాలెనట.
"ఇందులో కొత్తేవుందండీ," అన్నడు
క్యాంపు వంటశాల సత్తిపండు,
"నెలనెలా ఎనక్కి పంపుతూనే కదండీ
మనం ముందుకెళ్తంట!"
ఆయనది అమలాపురం దిక్కు.
దెబ్బ తాకినా 'అండీ' పెట్టే ఏడుస్తడు.

మొదటి ఆట మస్కట్ తోని.
డెబ్బై నాలుగు, సున్న.
సున్న మాది.
'గాలి ఎదురుగ ఉండె' అని రాసిండు
మా లెక్కల సెబిన్.
రెండో సగంల గాలి మా ఎనుకకెంచి కొట్టె.
అది రాయలే.

రెండో ఆటకు ముగ్గేసినట్టు
సున్నంతోని గీతలు గీసినం.
ఈల ఊదకముందే ఇసుక గాలొచ్చి
అంతా ఊడ్సి పెట్టె.
మైదానం ఏడికి ఒడుస్తదో రెఫరీకి సుత తెల్వది.
ట్యాంకరు నడిపే గుల్ జమాన్
సంకల బంతి వెట్టుకొని ఉరికిండు, ఉరికిండు,
పెట్రోలు బంకు కాడ చాయ్ తాగి
ఆటోళ్ళు లేరు గద, ట్యాక్సీల తిరిగొచ్చిండు.

మూడోది గెల్సినం!
ఫుజైరా వాళ్ళ బస్సు సరిహద్దుల చెడిపోయె.
ఆడకుండ గెల్సుడంటె
దెబ్బ లేని జీతం.
సత్తిపండు రెండు గంజుల బిర్యానీ దించిండు.
తెల్లారి కాయిదమొచ్చె,
సంతకం పెట్టుడు మర్సిండ్రని
ఇచ్చిన పాయింట్లు గుంజుకున్నరు.
బిర్యానీ మాత్రం గుంజుకోలేకపోయిండ్రు.

నడుమ ఆటలు జెప్ప.
ఒకదానికి తొమ్మిది మందిమే,
కడమోళ్ళకు రాత్రి షిఫ్టు.
ఒకదాంట్ల బడి పంతులు హైతమ్ బలూషీ
అవతలి జట్టుల తన పాత శిష్యుని జూసి
నడుమ ఆటల ఆగి
"మీ నాయిన బాగున్నడా?" అని అడిగిండు.
ఆ పోరడు సలాం జెప్పి
పక్కకెంచి పోయి గీత దాటిండు.

ఇగ నా ముచ్చట.
బురేమీ మీద ఆట. బంతి నా చేతికొచ్చె.
కోరుట్ల బడిల ఆడిన కాళ్ళు,
దమ్ము బిగవట్టిన.
కబడ్డి కబడ్డి కబడ్డి
ఆ కూతకు బెదిరి
తెల్లోళ్ళు ఇద్దరు తోవ ఇచ్చిండ్రు.
ఒకని సందుల దూరిన, ఒకని మీదికెంచి దుంకిన,
గీత తొక్కిన!
తొక్కి,
దమ్ము ఇడ్వకుండ
బంతి తోనే ఎనుకకు మర్రి
మా దిక్కుకు ఉరికొచ్చిన.

మైదానం సప్పుడు లేదు.
గారెత్ సాబు టోపీ తీసి
ఇసుకల కూసున్నడు.

ఆఖరి ఆట నలభై ఒకటి, ఐదు.
ఆ ఐదు నాయి.
ఈసారి గీత దాటి
బంతి మీద బోర్ల వండిన, లెవ్వలే.
రెఫరీ ఈల మూడుసార్లు ఊదె,
సత్తిపండొచ్చి "లెగండీ, అయిపోయిందండీ" అన్నా
నమ్మలే.

మేమే అందరికన్న కింద.
మర్యాదగల జట్టని ఒక స్టీలు గరిటె ఇచ్చిండ్రు.
ఇప్పుడు దాంతోనే పప్పు కలుపుతున్నడు సత్తిపండు.

రాత్రి ఫోన్ల గంగామణి
నా చెవు దిక్కు జూసింది.
గోబిపువ్వు లెక్క వాసింది మరి.
"మల్ల బాత్రూంల జారిన్నవా?
ఆర్నెల్లల పదకొండు సార్లు!
గా రూము మార్సరాదు?"

"ఇగ జార తియ్," అన్న.
"సెప్టెంబరు దాక."